పప్పు డబ్బాలో నాలుగు కార్డులు

ఏవండీ,

మీరు నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నేను పోలవరం బస్సులో ఉంటాను. అన్నం వండేశాను, చారు వెచ్చబెట్టుకోండి. పాపకి ఎనిమిదింటికల్లా జడలు వెయ్యాలి. చేతకాకపోతే పక్కింటి మరియమ్మ గారిని పిలవండి.

కందిపప్పు డబ్బాలో మన వాగ్దానాల పెట్టెలోని బైబిలు వాక్యాల కార్డులు నాలుగు దొరుకుతాయి. కంగారుపడకండి, దాచింది నేనే. నర్సు ఉద్యోగానికి అంత దూరం వెళ్లనా వద్దా అని ప్రార్థన చేసి ఒక కార్డు తీశాను. ఓపికగా ఎదురుచూడమని వచ్చింది. దేవుడు నా ప్రశ్న సరిగ్గా వినలేదేమోనని మళ్లీ తీశాను. ఐదోసారికి బయలుదేరమని వచ్చింది. వెంటనే మోకాళ్లూని స్తోత్రం చెప్పేశాను. మన సంఘంలో నా అంత విశ్వాసురాలు ఇంకెవరున్నారండీ!

ఆర్డరు వచ్చిన రోజే మీరు "నువ్వెళ్లు, పాపని నేను చూసుకుంటాను" అన్నారు. కార్డు మీద లేదని ఆ మాట చెవిన పెట్టలేదు.

శనివారం వస్తాను.
మీ సలోమి

మర్చిపోయాను. కార్డులు మళ్లీ పెట్టెలో పెట్టేయండి. ఎదురుచూడమన్నది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అది మీకు రావలసిందేమో, తొందరపడి నేను తీసేశాను.