ఆరో నమూనా

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 4

చి. వాణికి,

పులిపిర్లని రాశావు, తప్పు. పులిపిరి గరుకు. మా గల్లీ పసిపిల్లల ఒంటి మీదివి నున్నగా, ముత్యమంత, నడిమధ్య గుంటతో ఉన్నాయి. చర్మపు వైరస్ జన్యుపటం గీసే పిల్ల ముందు చర్మం చూడటం నేర్చుకోవాలి.

నువ్వు అడిగినట్టే డాక్టరు ఐదుగురి నుంచీ నమూనాలు తీసి పంపారు. ఐదుగురూ నేను కాళ్ల మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి నీళ్లు పోసే పిల్లలే. పాలు పోసే మహిపాల్ చేతులకు పొక్కులున్నాయని పక్కింటి సైదమ్మ గల్లీ అంతా చాటింది: "గా పాలాయన చేతులకెల్లే ఒచ్చింది టీచరమ్మా." అందరూ అతని పాలు మానేశారు. నేనూ మానేశాను. అతని నమూనా కూడా పంపించాను.

మీ అక్క అరుణజ్యోతి పాప ఇంకా దవాఖానలో అద్దాల పెట్టెలోనే ఉంది. ఇంటికి రానీ, మొదటి నీళ్లు నావే.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

పుణె, జూన్ 19

ప్రియమైన అమ్మమ్మకు,

మహిపాల్ చేతుల్లో ఈ వైరస్ లేదు. అది ఏదో ఎలర్జీ. పిల్లల్లో దొరికిన వైరస్ జన్యుపటాన్ని మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాం. ఐదూ దాదాపు ఒక్కటే. ఉన్న చిన్న తేడాలను పట్టుకుని వెనక్కి పోతే, అన్నీ ఒకే మనిషి దగ్గర కలిసేలా ఉన్నాయి. ఆ మనిషి నమూనా మా దగ్గర లేదు.

పొక్కులన్నీ వీపు మీద, పొట్ట మీదే ఎందుకున్నాయి? ఐదుగురినీ ముట్టుకునేదెవరో కనుక్కో. అక్క పాపలా నెలలు నిండని పిల్లలకు సోకితే ఎలా ఉంటుందో మాకూ తెలియదు. భయంగా ఉంది. 28న, శనివారం వస్తున్నాను.

నీ వాణి

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 25

చి. వాణికి,

కనుక్కోవడానికి గడప దాటనక్కర్లేకపోయింది. చీర మోకాలిదాకా ఎత్తి చూసుకున్నాను. అవే గుంట పొక్కులు, ఏడు ఉన్నాయి. ఇన్నాళ్లూ దోమకాట్లనుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి, చేతులు కడుక్కోమని పిల్లల ప్రాణాలు తీశాను. కాళ్ల సంగతి సిలబస్‌లో లేదు.

నీకు రాయలేదు, పాప సోమవారమే ఇంటికొచ్చింది. మూడు రోజులూ మెట్రోలో ఎల్‌బీ నగర్ అక్క ఇంటికి పోయి నీళ్లు పోశాను. ఈరోజు పోసి వచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో ఉంది.

మహిపాల్‌ను గేటు దగ్గర ఆపి, ఐదుగురు తల్లుల ముందూ అంటించింది నేనేనని చెప్పాను. "పోనీ తియ్ టీచరమ్మా," అన్నాడు, నా కాళ్ల వైపు చూడకుండా. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని లోపలికి పోయారు.

మీ అక్కకు ఫోన్ చేశాను. ఏడవలేదు. "ఎన్ని రోజులకు తెలుస్తది అమ్మమ్మా?" అంది. ఏడు వారాలు పట్టవచ్చని డాక్టరు అన్నారు. పాప ఒళ్లు ఇప్పటికి నున్నగానే ఉంది.

మహిపాల్‌ది లెక్కలోంచి తీసెయ్, ఆరో నమూనా వస్తుంది. దాని మీద నా పేరే రాయి.

శనివారం ఎల్‌బీ నగర్ మెట్రో కింద ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో పాపకు స్నానం టబ్బు కొను. అడుగు జారనిది చూడు. నేరుగా అక్కకే ఇవ్వు, ఇక్కడికి రాకు.

అమ్మమ్మ