పంచుబేలా అమ్మకు ఏడు చీరలు

కటక్,
19 అక్టోబర్ 2019

పూజ్యురాలైన కుముదిని అపాకు,

దిబాకర్ నమస్కరించి రాసేది. ఆ కాళియా జగన్నాథుడి దయవల్ల నా మోకాళ్ళు తప్ప ఇంట్లో అందరం బాగున్నాం. జాజ్‌పూర్‌లో చెల్లెలి ఇంట మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకండి. మీకో మాట చెప్పాలి. దీపావళిలోపే చెప్పాలి. సెలవులయ్యాక అదే మాట క్లాసులో పిల్లలకూ చెప్పాలి. వాళ్ళకన్నా ముందు మీకు తెలియాలి.

ముందు మా యూనివర్సిటీ కబుర్లు వినండి. ముప్పై రెండేళ్ళు విలేకరిగా తిరిగినవాణ్ణి పాఠం చెప్పమని పిలిచారా, చేరిన రోజే గుమాస్తా నా పదో తరగతి సర్టిఫికెట్ అడిగాడు. అది వరదలో పోయిందంటే, ఆ వరద వార్త కత్తిరించి తెమ్మన్నాడు. తీసుకెళ్ళి ఇచ్చాను, రాసింది నేనే కదా. మొదటి క్లాసు యాభై నిమిషాలైతే నాకు తెలిసిందంతా పదకొండు నిమిషాల్లో అయిపోయింది. మిగతా సేపు పిల్లలూ నేనూ మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. ఇన్నాళ్ళూ ఊళ్ళ మీద పడ్డారు, ఇప్పుడు పిల్లల మీద పడ్డారా అని మా ఆవిడ సరోజిని ఒకటే నవ్వు.

రెండో క్లాసుకి మీరు గుర్తొచ్చారు, బతికిపోయాను. ఆఫీసులో మీ మూల బల్ల, చెవులకు ఆ నల్లటి హెడ్‌ఫోను, జడముడిలో గుచ్చిన పెన్సిలు. కేంద్రాపడా నుంచో పారాదీప్ నుంచో నేను టెలిఫోను బూత్‌లో నిలబడి వార్త చెబుతుంటే, మీరు అటువైపు రాసుకునేవారు. సాయంత్రం నాలుగింటికి ఫోను చేస్తే మీ నోట్లో పెరుగులో నానిన దహీబరా ఉండేది. మింగేదాకా ఆగమనేవారు. నా వెనక క్యూలో జనం తిట్టేవారు. అయినా మీరు అడిగేది అడక్కుండా వదిలేవారు కాదు.

"కళ్ళతో చూశావా దిబా, చెవులతో విన్నావా?"

విన్నానంటే ఎవరు చెప్పారో రాయించేవారు. చూశానంటే ఇక మారు మాట్లాడేవారు కాదు. ఆఫీసంతా మిమ్మల్ని వరసకు అపా అనేది. నాకు మాత్రం నిజంగా అక్కే. నాకు వచ్చిన విద్యంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందని పిల్లలకు చెప్పాను. ఇప్పుడు వాళ్ళు దాన్ని అపా ప్రశ్న అంటున్నారు. క్యాంటీన్‌లో సమోసా నిన్నటిదని ఒకడంటే, కళ్ళతో చూశావా అని ఇంకొకడు అడుగుతాడు. మీరు విని ఉంటే ఎంత మురిసిపోయేవారో.

నేను రాసిన పంచుబేలా వార్తను కూడా యూనివర్సిటీవాళ్ళు పాఠంగా పెట్టారు. ఊరిని సముద్రం మింగేసిన వార్త. "ఇల్లు కెరటాల్లో కలిసిపోయింది. ఆ ముసలమ్మ మాత్రం పొద్దున్నే లేచి మిగిలిన వాకిలి ఊడుస్తూనే ఉంది." ఆ మాటలు రాసుకుంటూ మీరు ఫోనులో ముక్కు ఎగబీల్చడం నాకింకా వినిపిస్తుంది. ఆ ఏడాది రజ పండక్కి మీరు కొన్న సంబల్‌పురి చీర నా చేతికిచ్చి, మా అమ్మ ఉంటే ఆమెకు పెట్టేదాన్ని, ఈ అమ్మకు ఇవ్వరా అన్నారు. అలా ఏడు పండగలకి ఏడు చీరలు. ఆమె పోయిందని నేను చెప్పిన రోజు మీరు అన్నం ముట్టలేదు. అప్పటినుంచి ఏటా దీపావళికి జనపకట్టెలు వెలిగించి, పోయిన మీ పెద్దలతో పాటు పంచుబేలా అమ్మా రా అని ఆమెనూ పిలుస్తున్నారు.

నా క్లాసులో మినతి జెనా అని ఒక పిల్ల ఉంది. వాళ్ళది పంచుబేలా పక్క ఊరే. ఆ అమ్మ పేరేమిటి సార్ అని అడిగితే మరిచిపోయానన్నాను. దసరాకి ఇంటికెళ్ళి వాళ్ళ నాయనమ్మను అడిగి వచ్చింది. ఆ ఊళ్ళో గడపగడపా తెలిసిన మనిషట ఆవిడ. ఎంత ఆలోచించినా అలాంటి మనిషి గుర్తు రావడం లేదందట. మినతి గట్టిగా కూడా అనలేదు. "సార్, కళ్ళతో చూశారా, చెవులతో విన్నారా?" అంది. క్లాసంతా నవ్వింది. దీపావళి సెలవులయ్యాక చెబుతానని బయటికి వచ్చేశాను.

మీ చెల్లెలికి నమస్కారాలు. చలి మొదలైంది, తెల్లవారుజామున స్నానాలు మానండి.

ఇట్లు
మీ తమ్ముడు
దిబాకర్ నాయక్

తా.క. చెప్పాలన్న మాట తప్ప అన్నీ రాశాను. ఆ వార్త చెప్పిన రోజు ఏరు పొంగి పడవవాడు రానన్నాడు. నేను పంచుబేలా వెళ్ళనే లేదు. తహసీల్దారు చెప్పిన లెక్కలు చదువుతుంటే, మనుషులేరీ దిబా అన్నారు మీరు. నాకు సిగ్గేసింది. ఆ ముసలమ్మను అక్కడే, బూత్‌లో నిలబడి పుట్టించాను. చూశావా అంటే చూశానన్నాను. మీరు నమ్మారు. మీకు ఫోనులో అబద్ధమాడిన నోటితో ఫోనులో నిజం చెప్పలేక ఈ ఉత్తరం. పాఠంలోంచి ఆ వార్త తీసేయమని రాసిచ్చాను.

చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామని చాలాసార్లు అనుకున్నాను, చేతులు రాలేదు. ఏడూ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, మడత విప్పలేదు. నన్ను తిట్టండి, మాట్లాడటం మానేయండి. కానీ అపా, ఈ దీపావళికి ఆమెను పిలవకండి. రావడానికి అక్కడ ఎవరూ లేరు.