బావగారి మందుల సంచి

అక్కా,

నువ్వు దూరమై ఈ రోజుకి ఏడాది. పొద్దున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళాక, బావగారు జేబులోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసుకోబోయారు. మోకాళ్ళ నొప్పికని నువ్వు ధవళేశ్వరం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న రకమే అది. గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతూ దాన్ని వేసుకోకూడదని నీకెవరూ చెప్పలేదు. కడుపులో రక్తస్రావమయ్యాకే మాకూ తెలిసింది. ఇప్పుడు బావగారు కూడా ఆ గుండె మందే వాడుతున్నారు.

"నడుం పట్టేసిందమ్మా. ఇదొకటి వేసుకుంటే తగ్గిపోద్ది," అన్నారు.

నేను ఆ మాత్ర లాగేసుకున్నాను. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసి, ఆయన విసుక్కుంటున్నా ఆటో ఎక్కించి రాజమండ్రి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అన్నీ బల్లమీద పరిచి చూసింది. ఒకే బీపీ మందును రెండు పేర్లతో ఆయన రోజూ మింగుతున్నారట. అందులో ఒకటి ఆపించి, నడుముకి వేరే మందు రాసింది.

"ఇకనుంచి ఏది కొనాలన్నా ముందు నన్నడగండి బాబాయిగారూ," అంది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళందరికీ తమ మందులు తెమ్మని చెబుతాను, మీరొచ్చి చూస్తారా అని ఆవిడనడిగాను. వస్తానంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బావగారు, "చర్చిలో నేను చెప్తానమ్మా. మీ అక్క ఎలా పోయిందో చెప్తే వింటారు," అన్నారు.

నువ్వు పోయిన సంగతి ఆయన నోట రావడం ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి.

నీ చెల్లెలు
సుగుణ