జానెడు ఎత్తు పెరిగే ప్రసంగ బల్ల

ప్రభువు కృపతో ఈ పట్నం ఆసుపత్రిలో నిటారుగా కూర్చుని నీకు రాస్తున్నాను. ఇక నా ప్రసంగాలకు సెలవేనని పెట్టుకున్న బెంగ వదిలెయ్యి. ఈ నడుంనొప్పి సైతాను పనేనని వెన్నుపూసలు సరిచేసే డాక్టరమ్మతో అన్నాను. ఏదీ, ఒకసారి ప్రసంగించి చూపించమంది. మన పెద్ద బైబిలు గ్రంథం ఎడమచేత పట్టుకుని, అందులోకి వంగి గర్జించాను. నరకాగ్ని దాకా రాగానే ఆపేసింది.

"అయ్యగారూ, పాపం సైతానును వదిలేయండి. మిమ్మల్ని వంచేస్తున్నది ఆ గ్రంథం బరువే. బల్లమీద పెట్టి, తలెత్తి చదవండి!"

మెడా వీపూ మెల్లగా సవరించి, గోడకు ఆనించి నిలబెడుతోంది. నొప్పి సగం తగ్గింది. మీ వడ్రంగి అన్నయ్యతో మన ప్రసంగ బల్ల జానెడు ఎత్తు పెంచించు. పాపకు దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు. తలెత్తితే నాకు వెనక వరుస కూడా కనిపిస్తుంది. అక్కడ కునుకు తీసేది మీ అన్నయ్యే కనుక, ఆ సంగతి మాత్రం పని పూర్తయ్యాకే చెప్పు.