గోల్‌కీపర్ గారి గొర్రెలు

హార్‌బెక్, మార్చి 20, 1978

స్లేడ్‌ఫోర్డ్ క్లబ్బు కార్యదర్శి మెట్‌కాఫ్ గారికి,

నమస్కారం. ఏప్రిల్ 15న లోయ కప్పు ఫైనల్లో మీ క్లబ్బూ మా క్లబ్బూ తలపడబోతున్నాయి. పెద్ద లీగుల మొహం చూడని ఫుట్‌బాల్ క్లబ్బులం కాబట్టి మనకిది చిన్న విషయం కాదు. మేము ఫైనల్‌కి రావడం ఇదే మొదటిసారి.

ఇబ్బందేమిటంటే, మా గోల్‌కీపర్ ఏమస్‌కి గొర్రెల మంద ఉంది. ఆ వారమే అవి ఈనే సమయం. రాత్రీ పగలూ కొట్టం వదలడానికి లేదు. మాకు ఇంకో గోల్‌కీపర్ లేడు. మీరు సరేనంటే లీగు వాళ్లు ఆటను మే మొదటి వారానికి జరుపుతామన్నారు. ఒక్క ముక్క రాసి పంపండి.

ఇట్లు,
ఈనిడ్ రేస్ట్రిక్, కార్యదర్శి

తా.క. ఇంకో గోల్‌కీపర్ లేడన్న మాట మీ ఆటగాళ్లకు చెప్పకండి.

స్లేడ్‌ఫోర్డ్, మార్చి 25

శ్రీమతి రేస్ట్రిక్ గారికి,

మీ ఉత్తరం అందింది. మే మొదటి వారంలో మాకు గోల్సు కొట్టి పెట్టే సెంటర్ ఫార్వర్డ్ బారీ పెళ్లి. ఆ సంగతి మీకు తెలియదంటే నేను నమ్మను. అయినా గొర్రెలు ఈనడానికి గోల్‌కీపర్ దేనికి? ఎప్పటినుంచో అవి వాటంతటవే ఈనుతున్నాయి.

పైగా మొన్న మా మనిషి మీ కొండ దారిన వస్తూ ఏమస్‌ని కళ్లారా చూశాడు. గొర్రెల మధ్య అటూ ఇటూ దూకుతూ సాధన చేస్తున్నాడట. తేదీ మారదు.

క్లిఫర్డ్ మెట్‌కాఫ్, కార్యదర్శి

తా.క. కుడివైపు దూకడం ఇంకా కుదరలేదట.

హార్‌బెక్, మార్చి 31

మెట్‌కాఫ్ గారికి,

అది సాధన కాదు. మందలో అన్నిటికంటే ముందే నొప్పులొచ్చి, ఈనలేక అవస్థ పడుతున్న గొర్రెను పట్టుకోబోయాడు. అది దొరకలేదు.

మీ ఉత్తరం ఏమస్‌కి చదివి వినిపించాను. "వాటంతటవే ఈనుతాయన్న ఆ పెద్దమనిషిని ఒక్కపూట వచ్చి కొట్టంలో ఉండమనండి. నేనొచ్చి ఆడతాను" అన్నాడు. మధ్యలో రెండు మాటలు తీసేసి, మిగతాది అన్నది అన్నట్టే రాశాను.

ఈనిడ్ రేస్ట్రిక్

తా.క. తీసేసినవి మీ గురించే.

స్లేడ్‌ఫోర్డ్, ఏప్రిల్ 5

శ్రీమతి రేస్ట్రిక్ గారికి,

అలాగే కానివ్వండి. ఫైనల్ రోజు పొద్దున్నే నా వ్యానులో వస్తాను. కార్యదర్శినయ్యాక మా వాళ్ల ఆట ఒక్కటీ చూడకుండా ఉండలేదు. కానీ రేపు ఓడిపోయాక మీరు చెప్పుకోడానికి సాకంటూ మిగలకూడదు.

క్లిఫర్డ్ మెట్‌కాఫ్

తా.క. అక్కడ కుర్చీ ఒకటి వేయించండి. పేపరు నేనే తెచ్చుకుంటాను.

హార్‌బెక్, ఏప్రిల్ 19

మెట్‌కాఫ్ గారికి,

మీరింకా ఏమస్ కొట్టంలోనే ఉన్నారని తెలిసి, ఈ ఉత్తరం అతని భార్య చేతికిచ్చి పంపుతున్నాను.

శనివారం మీ జట్టు బస్సు దిగింది. చొక్కాలు మాత్రం లేవు. ఉతికి, ఇస్త్రీ చేసి, అన్నీ మీ వ్యానులో ఉన్నాయి. వ్యాను కొండమీద ఉంది. రిఫరీ అరగంట ఆగుతానన్నాడు, ఆపైన కప్పు హార్‌బెక్‌దే అన్నాడు. మావాళ్లలో కొందరు అప్పుడే గెలిచేశామని చేతులు కలుపుకున్నారు. ఆడకుండా గెలిస్తే రేపు ఈ లోయలో ఎవరి మొహం చూస్తామని వాళ్లని గదమాయించి, మా పాత పచ్చ చొక్కాలు మీవాళ్లకు ఇప్పించాను. మేము ఫైనల్‌కని కొత్తగా కుట్టించిన ఎర్రవి వేసుకున్నాం.

చివరిదాకా గోలు పడలేదు. మా ఏమస్ బాగా ఆపాడు. కానీ పాపం, మూడు రాత్రులుగా కన్ను మూయని మనిషి. బంతి చేతికి చిక్కగానే తలెత్తి చూశాడు. ఎదురుగా పచ్చ చొక్కా కనబడింది. ఏళ్ల తరబడి ఎరిగిన చొక్కా. మనవాడే కదా అని బంతి మెల్లగా దొర్లించాడు.

ఆ చొక్కాలో ఉన్నది బారీ. మీరే గెలిచారు.

పేపర్లో ఫోటో పడింది. కప్పు ఎత్తిన పదకొండు మంది గుండెలమీదా మా ఊరి పేరే ఉంది. కింద రాసిన పేర్లు కత్తిరించి, పటం కట్టించి, మా క్లబ్బు బార్లో తగిలించాం. మొహాల గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఈనిడ్ రేస్ట్రిక్

తా.క. ఈ ఉత్తరం ఆదివారమే రాయాల్సింది. గెలిచారని తెలిస్తే కప్పు చూసుకోడానికి మీరు ఇంటికి వెళ్లిపోతారని, చెప్పొద్దని ఏమస్ నన్ను బతిమాలాడు. ఇంకా నాలుగు గొర్రెలు ఈనాలట, మీ చేయి మంచిదట. మీ ఇంటావిడకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ తొందరేమీ లేదన్నారు.