ఇద్దరి పేరున ఇల్లు

మార్చి 4, రాత్రి

ఇంట్లోకి దిగాం. మూడో అంతస్తు, రెండు గదులు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టని వంటగది. దిగింది నేను, అత్తయ్య. కాగితాల ప్రకారం ముగ్గురం.

మొదటి ఇల్లు కొనుక్కునే దంపతులకి ప్రభుత్వం ఇచ్చే సాయం మాకు జనవరిలో శాంక్షన్ అయింది. నా పేరూ మా ఆయన పేరూ పక్కపక్కన టైపు చేసి ఉన్నాయి. ఆ మరుసటి వారమే ఆయన ఎవరిదో మేడకి రంగు వేస్తూ పరంజా మీంచి పడి చనిపోయారు. ఊళ్ళో వాళ్ళందరి గోడలకీ రంగు వేసిన మనిషి, సొంత గోడ చూడలేదు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ కోపమే.

లోన్ ఏజెంట్‌కి చెబితే గొంతు తగ్గించి, నోరు విప్పకండక్కా అన్నాడు. జాయింట్‌గా ఇచ్చిన సాయమట. ఒకరు లేరని తెలిస్తే మొత్తం వెనక్కి లాగేస్తారట. ఇన్‌స్పెక్షన్ ఒక్కటి గట్టెక్కేదాకా బావగారిని ఇంట్లో ఉంచండి అన్నాడు, అదేదో బీరువాని ఉంచమన్నట్టు.

మార్చి 5

గోడకి మేకు కొట్టాను. ఏ ఓనర్‌నీ అడగలేదు. సుత్తి పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

మార్చి 6

ఆయన్ని ఇంట్లో ఉంచాం. గుమ్మం దగ్గర చెప్పులు, బాత్రూంలో రేజరు, తీగ మీద రెండు చొక్కాలు. నేను చేసేది బట్టల షాపులో, ఆల్టరేషన్ సెక్షన్‌లో. చేతికొచ్చిన చొక్కాని ఇస్త్రీ చెయ్యకుండా వదలలేను. ఇవీ పెళ్ళికొడుకు చొక్కాల్లా తయారు చేసి పెట్టాను.

అత్తయ్య చూసి నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం ఇదే మొదలు. పెయింటర్ చొక్కా మీద చుక్క రంగు లేకపోతే ఎవరు నమ్ముతారే పిచ్చిదానా అంది.

ఆయన సామాన్లలో ప్రైమర్ డబ్బా ఉంది, అడుగున కాస్త తెలుపు. ఇద్దరం నేల మీద కూర్చుని వేళ్ళతో చొక్కాల మీద చిలకరించాం. కాలరు దగ్గర వద్దు, వాడు కాలరు జాగ్రత్తగా చూసుకుంటాడు అంది అత్తయ్య. ఆ తర్వాత కాలరుకి చెయ్యి అడ్డం పెట్టి చిలకరించాను.

మార్చి 11

మీ ఆయన కనబడరేం అని ఎదురింటావిడ అడిగింది. పొద్దున్నే పోతాడు, పొద్దుపోయాక వస్తాడు అని అత్తయ్య ఠక్కున అందుకుంది. నేనైతే నీళ్ళు నమిలేదాన్ని.

మార్చి 19

అత్తయ్య అబద్ధం ఆడటం మానేసింది. ఇప్పుడు నిజంగానే మాట్లాడుతోంది.

షాపు నుంచి వచ్చేసరికి బాత్రూం తలుపు ముందు నిలబడి ఉంది. ఎంతసేపురా, ఒంటికంటిన రంగంతా ఇవాళే వదలాలా అని కసురుతోంది. తలుపు తోసి చూశాను. ఎవరూ లేరు. నేల తడిగా ఉంది. సింకు దగ్గర టర్పెంటైన్ వాసన. ఆయన పని నుంచి వచ్చి దాంతోనే చేతులు కడుక్కునేవారు. ఆ సీసా పాత అద్దె ఇంట్లోనే పారేసి వచ్చాం.

భయం వేసింది. ఆయనంటే కాదు. ఈ ఇంటి కోసం ఆవిడ మతి నేనే పాడుచేశానేమో అని.

మార్చి 20

వాసన ఇంకా ఉందేమో చూడటానికి మళ్ళీ వెళ్ళాను. ఉంది. మళ్ళీ వెళ్ళాను.

మార్చి 23

తీగ మీంచి చొక్కా తీస్తుంటే మోచేతి దగ్గర మరక. నీలం. మా దగ్గర ఉన్నది తెలుపు ఒక్కటే. ఇంకా ఆరలేదు, వేలికి అంటింది.

అత్తయ్యకి చూపించాను. కొత్త పని ఒప్పుకున్నాడుగా, నీకు చెప్పలేదా అంది.

ఆ వేలు కడుక్కోబుద్ధి కాలేదు.

మార్చి 27

ఇవాళ నేనే మాట్లాడాను. అత్తయ్య కింద ఎదురింటావిడతో ఉంది. బాత్రూం తలుపు బాదాను. బెల్టు కట్టుకోమని మేస్త్రీ చెప్పలేదా, చెబితే ఎందుకు కట్టుకోలేదు, ఎవరింటి అందం కోసం అంత పైకి ఎక్కారు అని అరిచాను. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. గొంతు పోయింది.

లోపల కారుతున్న కుళాయి ఆగింది.

ఏప్రిల్ 2

ఇన్‌స్పెక్షన్ అయింది. వచ్చినావిడ నా ఈడుదే. ఆయాసపడుతూ మెట్లెక్కి మంచినీళ్ళు అడిగింది. చెప్పులు చూడలేదు, చొక్కాలు చూడలేదు. వంటగదిలోకి తొంగి చూసి, కరెంటు మీటరు తిరుగుతోందని రాసుకుంది, అంతే. సాయం తీసుకుని ఇల్లు అద్దెకిచ్చేస్తున్నారమ్మా జనం, మాకు కావలసింది మీరు ఉంటున్నారా లేదా అంది.

నోరు ఆగలేదు. ఎవరో తెలిసినవాళ్ళ సంగతి అన్నట్టు, దంపతుల్లో ఒకరు పోతే ఏమవుతుందండీ అని అడిగేశాను. ఏముంది, ఉన్నవాళ్ళ పేరున కంటిన్యూ అవుతుంది, డెత్ సర్టిఫికెట్ ఇస్తే చాలు అంది. మనిషి పోయిన మూడు నెలల్లోపు ఇవ్వాలట. దాచినట్టు తేలితే మాత్రం ఇల్లు పోయినట్టేనట.

అంటే ఇదంతా అక్కర్లేదు. చొక్కాలు, చుక్కలు, ఏదీ.

గుమ్మం దాటుతూ ఆవిడ బాత్రూం వైపు చూసి, మీవారికి చెప్పండి, నీళ్ళు మరీ అంత పారబోస్తే ట్యాంకు ఖాళీ అయిపోతుంది అంది. మగ్గు చప్పుడు నాకూ వినబడుతోంది. అత్తయ్య నా పక్కనే నిలబడి ఉంది.

ఏప్రిల్ 3

ఏజెంట్‌కి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. రూలు మార్చారేమో అక్కా అన్నాడు.

ఏప్రిల్ 9

సర్టిఫికెట్ ఇచ్చే గడువు ఈ వారమే. అత్తయ్యకి చెప్పాను. వద్దంది. వాడు వచ్చి చేరింది ఈ ఇంటికే కదా, నువ్వే సంతకం పెట్టి పంపించేస్తావా అంది. ఇల్లు పోతే మనం ఎక్కడికి పోతాం అత్తయ్యా అన్నాను. వాడెక్కడికి పోతాడో ముందు అది చెప్పు అంది.

ఆవిడకి మతి పోలేదు. అన్నీ తెలుసు. తెలిసే పిలుస్తోంది. నేనూ అంతే కదా. ఆయన వెళ్ళిపోతారేమోనని మళ్ళీ తలుపు బాదలేదు నేను.

ఏప్రిల్ 11

ఇచ్చేశాను. ఆవిడకి ఈ వయసులో మళ్ళీ అద్దె ఇల్లు చూపించలేను.

కౌంటర్‌లో గుమాస్తా స్కేలు పెట్టి ఆయన పేరు మీద గీత కొట్టాడు, ఎక్కడా వంకర పోకుండా. ఇక ఇల్లు పూర్తిగా మీదేనమ్మా అన్నాడు, మిఠాయి పంచుతున్నట్టు.

ఇంటికొచ్చాను. బాత్రూం నేల పొడిగా ఉంది. ఏ వాసనా లేదు. అత్తయ్య నావైపు చూడలేదు.

ఏప్రిల్ 14

గుమ్మం తలుపు గడియ వేశావా అని అత్తయ్య చీకట్లో అడిగింది. సర్టిఫికెట్ ఇచ్చాక నాతో అన్న మొదటి మాట.

లేదన్నాను.

సరే, పడుకో అంది.