క్యాలెండర్‌లో చిన్నంకె

బావోజూ అక్కకి,

గోడ పక్కనే ఉండి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. నీ మొహంలోకి చూసి మాట్లాడే ధైర్యం లేక, ఇది నీ తలుపు కిందనుంచి తోసి పోతున్నాను.

నిన్న యీరూ పుట్టినరోజని ఎప్పటిలాగే పందికాళ్ళ సేమియా గిన్నె పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. ఏటా గుమ్మం దగ్గరే గిన్నె అందుకుని, మర్నాడు కడిగి అందులో పంపరపనస పెట్టి పంపేదానివి. నిన్న తలుపు ఓరగా ఉంది, నువ్వు పెరట్లో ఉన్నట్టున్నావు. చనువుకొద్దీ లోపలికి వచ్చేశాను. బల్ల మీద మీ క్వోతుంగ్ ఫోటో, బడి యూనిఫాంలో. దాని ముందు అన్నం, చేప, తినడానికి ఒక జత పుల్లలు, వెలుగుతున్న ఊదొత్తులు. మా ఇంట్లో యీరూ స్నేహితులు మైకు పట్టుకుని పాడే పాట గోడ దాటి ఆ బల్ల దగ్గరికి వినిపిస్తోంది. గిన్నెతో సహా వెనక్కి పరుగెత్తుకొచ్చాను.

వచ్చి వంటింట్లో క్యాలెండర్ చూశాను. పైన ఊరందరికీ కనిపించే పెద్దంకె, కింద చిన్నగా తిథి, ఎనిమిదో నెల పన్నెండు. భూకంపం వచ్చింది ఆ తిథినాడే. నువ్వు కొడుక్కి పెట్టుకునే రోజునే నేను కూతురికి పండగ చేస్తున్నాను, ఇన్నేళ్ళుగా!

ఎందుకలా చేశామో నీకెప్పుడూ చెప్పలేదు. తొంభైతొమ్మిది సెప్టెంబరు ఇరవయ్యొకటి పొద్దున బడి మైదానంలో టార్పాలిన్ కింద నేను యీరూని కన్నాను. అదే మైదానం అవతలి చివర నువ్వు క్వోతుంగ్ చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. వాడి చెయ్యి అప్పటికే చల్లబడిపోయిందని తర్వాత విన్నాను. ఏటా ఆ తేదీన సైరన్ మోగుతుంది, అధికారులు తెల్లపూలు పెడతారు, నువ్వూ నేనూ ఒకే గొడుగు కింద నిలబడతాం. ఒకసారి యీరూని వేదిక ఎక్కించి "మన ఊరి ఆశ" అన్నారు. నీ పక్కన నిలబడి ఆ మాట వినలేకపోయాను. అప్పుడే మా ఆయన అన్నాడు, "పెద్దంకె ఊరికి వదిలేద్దామే. చిన్నంకె మనం తీసుకుందాం, ఎవరి మనసూ నొచ్చుకోదు." మర్యాద చేస్తున్నామనుకున్నాం.

మా అత్తగారికి, మా నాన్నకి తిథి చూసే కదా పెడుతున్నాను! తైవాన్‌లో ఎవరు మాత్రం ఇంకోలా పెడతారు? నీ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. ఊదొత్తుల వాసన వస్తే పున్నమి పండగ దగ్గరపడింది కదా అనుకున్నాను. నువ్వు తలుపేసుకుని టీవీ గట్టిగా పెడితే మా సందడి నీకు గిట్టదనుకున్నాను. ఒక ఏడు అందరి ముందూ గోడమీంచి అరిచాను కూడా, "ఏం అక్కా, పిల్లలు ఒక్కపూట నవ్వితే నీ సొమ్మేం పోయింది? ఆ టీవీ కాస్త తగ్గించరాదూ!" అని. అందరూ నవ్వారు. నువ్వు టీవీ తగ్గించావు. ఆ మాట గుర్తొస్తే నా నాలుక కోసేసుకోవాలనిపిస్తోంది.

నా బిడ్డ బతికిందని నీ ముందు నాకు ఎప్పుడూ సిగ్గుగానే ఉండేది. ఇప్పుడిక నీ గడప ఎలా తొక్కను? మా ఆయనకి చెప్పేశాను, ఇక ఆ పుట్టినరోజు చేయం. తైచుంగ్‌లో మా మరిది ఇంటి పైవాటా ఖాళీగా ఉంది, పండగ వెళ్ళగానే అక్కడికి మారిపోతాం. క్షమించమనడానికి కూడా నోరు రావడం లేదు.

తలెత్తుకోలేని
సూల్వాన్

ఒసే పిచ్చి సూల్వాన్,

నా చదువు మూడో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువు.

నీ ఉత్తరం చూసి ఒళ్ళు మండిపోయింది. నీకు నిన్న తెలిసిందేమో, నాకు మొదటి ఏడే తెలుసు. టీవీ పెట్టింది నా ఏడుపు మీకు వినపడకూడదని. పసిదాని పుట్టినరోజు పూట పక్కింట్లో ఏడుపులేమిటి, అశుభం! తగ్గించమన్న రోజు కోపమొచ్చింది, ఎందుకు రాదు? వారం రోజులు నీతో మాట్లాడలేదు. నీకది కూడా తెలిసినట్టు లేదు.

సైరన్ రోజు ఊరివాళ్ళది. వాళ్ళు నా కొడుకు పేరు కూడా సరిగ్గా చదవరు. తిథినాడు వాడు ఇంటికొస్తాడు. వాడింకా బడి పిల్లాడే, ఈ ముసలి మొహం చూస్తూ ఎంతసేపని కూర్చుంటాడు? గోడవతల పాటలుంటే వాడికి కాస్త కాలక్షేపం. నువ్వు తెచ్చే గిన్నె నేను ఏనాడూ ముట్టలేదే. వాడి ముందు పెట్టేదాన్ని. పందికాళ్ళంటే వాడికి ప్రాణం. ఆయుష్షు కోసం తినే సేమియా పోయినవాడికి పెడతావా అని మా ఆడపడుచు తిట్టింది. వాడికి దక్కనిదే కదా పెడుతున్నాను అన్నాను.

నిన్న నువ్వు గిన్నెతో పారిపోయావు. ఊదొత్తులు కాలిపోయాక, "తిన్నావా నాయనా? బల్ల తీసెయ్యనా?" అని అడిగి, పోయినవాళ్ళ జవాబు చెప్పే చెక్కలు రెండూ నేలమీద వేశాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే సరేనన్నట్టు కదా. రెండూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. ఈ పొద్దున్నా ఒప్పుకోలేదు. చేప పాడైతే పారేశాను. వాడి ముందు బల్ల ఇంకా అలాగే ఉంది.

నువ్వు తైచుంగ్ పోతావో పాతాళానికి పోతావో తర్వాత తేల్చుకుందాం. ముందు పొయ్యి వెలిగించు. గిన్నె యీరూ చేతికిచ్చి పంపు, వాళ్ళన్నకి అదే తన చేత్తో పెట్టనీ. పంపరపనస కోసి ఉంచాను.

మీ
బావోజూ అక్క